గేటు తీసేత్తన్నారంట

మా ఊరి జూట్ మిల్లు గేటుకి తాళం పడ్డాక కూడా మా ఆయన రోజూ పొద్దున్నే డ్యూటీకి వెళ్ళినట్టే వెళ్ళేవాడు. అదే ఖాకీ చొక్కా, అదే క్యారేజీ. వెళ్ళేది మాత్రం లోపలికి కాదు, గేటు ఎదురుగా కార్మికులు వేసుకున్న టెంటు కిందకి. మిల్లు మళ్ళీ తెరుస్తారని, తన మిషను దగ్గర మళ్ళీ నిలబడతాడని ఆయనకి గట్టి నమ్మకం. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఎప్పుడూ ఏదీ రాసి ఎరగను. ఆ గేటు సంగతి మాత్రం రాయాలనిపించింది. ఎక్కడైనా మాట తప్పితే మీరే సర్దుకోండి.

విజయనగరం చుట్టుపక్కల మా వాళ్ళంతా రైతులే. వరితో పాటు మెట్టలో గోగు వేసేవారు. గోగు కట్టల్ని నీళ్ళలో నానబెట్టి, కుళ్ళాక నార తీస్తే ఆ కంపు ఎన్ని స్నానాలు చేసినా చేతుల్ని వదిలేది కాదు. ఆ నారే మిల్లుకి వెళ్ళి గోనె సంచి అయ్యేది. మా నాన్న నార తీసేవాడు. మా ఆయన మిల్లులో ఆ నారని దారం చేసే మిషను నడిపేవాడు. నేను సంచులు కుట్టేదాన్ని. పని తగ్గిందని ముందు ఆడవాళ్ళని మాన్పించారు, తర్వాత మిల్లే మూసేశారు.

మా తమ్ముడు కొత్తవలసలో ఒక కాంట్రాక్టరు దగ్గర వ్యాను నడుపుతాడు. అటుగా వచ్చినప్పుడల్లా మా ఇంట్లో అన్నానికి ఆగేవాడు. కంచం ముందు కూర్చోగానే బావాబావమరుదులకి వాదన మొదలు.

"బావా, ఎండలో కూకుంటే తాళం కరుగుతాదేటి? ప్లాస్టిక్ సంచి వొచ్చీసినాక నీ గోనె సంచి ఎవులికి కావాల? ఎవుడి సరుకు సవగ్గా ఉంటే ఆడి కాడే కొంటారు. దాన్నే పోటీ అంటారు."

"పోటీ అంటే ఇద్దరికీ కాళ్ళుండాల్రా. నా కాళ్ళు కట్టీసి పరిగెట్టమంటే ఎలగ?"

"నీ కాళ్ళు ఎవులు కట్టినారు? పర్మినెంటు, పర్మినెంటని నువ్వే కట్టుకున్నావు. నన్ను సూడు. ఈ కాంట్రాక్టరు కాదంటే ఇంకో కాంట్రాక్టరు."

"సూత్తన్నాన్లే. మొన్న నడుం పట్టీసి పడుకుంటే నీ కాంట్రాక్టరు వొచ్చి సూసినాడేటి?"

తమ్ముడు జేబులోంచి ఫోను తీసి ఊపేవాడు. "ఇది ఎలగొచ్చింది మరి? దేశం తలుపులు తెరిసినారు కాబట్టే కదా? మా అప్ప కూడా రోజూ ఈడియోలు సూత్తన్నాది." అప్పంటే నేనే, వాడికి అక్కని.

"ఫోను వొచ్చిందిరా. అందులో నువ్వు మాటాడేదేటి? పనుందా బాబూ, పనుందా బాబూ. అదే కదా!"

నేను మధ్యలో మజ్జిగ పోసి "ముందు కలుపుకోండి" అనేదాన్ని. నాకైతే ఇద్దరి మాటా నిజమే అనిపించేది. ఆ రోజుల్లో మా ఇంటికి బియ్యం వచ్చింది తమ్ముడి చేతి మీదుగానే. అది మా ఆయనకీ తెలుసు. తెలుసు కాబట్టే ఇంకా గొంతు పెంచేవాడు.

ఒకసారి విజయనగరం నుంచి, కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన టెంటు దగ్గరకి వచ్చి మాట్లాడాడు. మైకు పట్టుకుని, "నయా ఉదారవాద విధానాల వల్లనే మీ మిల్లు మూతపడింది" అన్నాడు. నాతో పాటు సంచులు కుట్టిన ముసలమ్మ ఒకావిడ ముందు వరసలోంచి లేచింది.

"బాబూ, ఉదారం అంటే దానం సేసే బుద్ధి కదా?"

"అవునమ్మా, కాకపోతే ఇక్కడ..."

"మరి అంత ఉదారం ఉన్నోలు గేటుకి తాళమెందుకేసినారు? అది ఉదారవాదం కాదు నాయనా, పీనాసివాదం."

టెంటంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. వ్యాపారం చేసేవాళ్ళకి సర్కారు అడ్డు చెప్పకుండా చెయ్యి వదిలేయడం, పనిలో పెట్టుకోవడం తీసేయడం అంతా యజమాని ఇష్టానికే ఇచ్చేయడం, దానికే ఆ పేరని చెప్పాడు. ముసలమ్మ తల ఊపింది. "అదీ సెప్పు. ఉదారం ఉన్నాది, మన మీద కాదన్నమాట."

ఆ రోజు నుంచి మా తమ్ముడి పేరు మారిపోయింది. "ఏటిరా ఉదారం, తిన్నావా?" అని మా ఆయన గుమ్మంలోనే పలకరించేవాడు. వాడు ఉడుక్కునేవాడు.

టెంటు కింద జనం పలచబడ్డారు. కొందరు విశాఖ వెళ్ళి వాచ్‌మెన్లుగా చేరారు. కొందరు చెన్నై వైపు కూలికి పోయారు. తమ్ముడు పని చూపించినా మా ఆయన కదల్లేదు. తను లేనప్పుడు మిల్లు తెరిస్తే తన మిషను దగ్గర ఇంకెవడో నిలబడతాడని ఆయన భయం. మిల్లు దుమ్ముకి వచ్చిన దగ్గు మాత్రం మిల్లు మూసినా పోలేదు. దగ్గుతూనే అనేవాడు, "ఒక్క మాటు గేటు తియ్యనీ."

ఒక సాయంత్రం తమ్ముడు ఫోను చేశాడు. "అప్పా, బావకి సెప్పు. రేపు మిల్లు గేటు తీసేత్తన్నారంట. మా కాంట్రాక్టరే సెప్పినాడు. మా బళ్ళు కూడా రమ్మన్నారు."

బళ్ళంటే నార తోలడానికే అనుకున్నాం. వాడూ అలాగే అనుకున్నాడు. మాట వీధంతా పాకింది. మా ఆయన అప్పటికప్పుడు వెళ్ళి గడ్డం గీయించుకుని వచ్చాడు. "సూసినావా, ఆ ఉదారం నోటెంటే మంచి మాటొచ్చింది" అన్నాడు. చాన్నాళ్ళ తర్వాత ఆయన నవ్వడం చూశాను.

తెల్లారి క్యారేజీ కట్టాను. నేనూ వెళ్ళాను. ముసలమ్మ గేటుకి కొట్టడానికి కొబ్బరికాయ తెచ్చింది, పసుపూ కుంకుమా తెచ్చింది. లారీలు వచ్చాయి. వెనకాల క్రేను వచ్చింది. గ్యాసు సిలిండరు పట్టుకుని ఇద్దరు దిగి, గేటు బందుల దగ్గర మంట పెట్టి కొయ్యడం మొదలుపెట్టారు. క్రేను లోపలికి పట్టదట. అందుకని గేటు తీసేస్తున్నారు.

మా మాటలో తీసేయడమంటే తెరవడమూ అదే, ఊడబీకడమూ అదే. మేము ఒకటి విన్నాం, వాళ్ళు ఇంకొకటి చేస్తున్నారు.

"ఓలమ్మా, గేటు తియ్యడమంటే ఇదేటి!" అంది ముసలమ్మ. కొబ్బరికాయ ఆమె చేతిలోనే ఉంది.

తమ్ముడు వ్యాను దిగి పరిగెత్తుకొచ్చాడు. "బావా, నాకూ తెల్దు. నీ మీదొట్టు."

మా ఆయన వెళ్ళి టెంటు కింద కూర్చున్నాడు. ఇంతలో లోపల్నించి ఒకడు కేకేశాడు, మిషన్లు విప్పడం తెలిసినవాళ్ళుంటే కూలికి రమ్మని. మా ఆయన లేచాడు.

"వొద్దు మావా" అన్నాను.

"ఈలు సుత్తులెట్టి బాదీసి ఇరగ్గొట్టీత్తారే. నట్టూ బోల్టూ సూసుకుని ఇప్పితే ఏ ఊర్లోనో మళ్ళీ బిగిత్తారు. మిషనేటి పాపం సేసింది?"

క్యారేజీ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు వెళ్ళాడు. తన మిషనుని అన్నిటికన్నా చివర విప్పడానికి ఉంచుకున్నాడు. దాని నట్లన్నీ విడిగా ఒక గోనె సంచిలో వేసి, మూతి కట్టి, తమ్ముడి వ్యానులోనే ఎక్కించాడు.

తర్వాత తమ్ముడు అన్నానికి వచ్చినప్పుడు మా ఆయన అడిగాడు. "ఏటిరా ఉదారం, నా మిషను ఎక్కడ బిగిత్తన్నారు?"

తమ్ముడు అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. "బిగించడం నేదు బావా. కొత్తవలస అవతల పాత ఇనుము కరిగించే కాడ పోసీసినాం."

"నట్లు ఇడిగా కట్టిచ్చినాను కదరా?"

"ఆ సంచితోటే ఇసిరీసినారు."

నేను ఇద్దరికీ మజ్జిగ పోశాను. ఆ రోజు వాదన లేదు. తర్వాత కూడా లేదు. వాళ్ళు కొట్లాడుకుంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు మా ఆయన విశాఖలో ఒక అపార్టుమెంటుకి వాచ్‌మెన్. కార్లు హారన్ కొడితే లేచి వెళ్ళాలి. రోజూ ఫోను చేస్తాను. "ఏటి సేత్తన్నావు మావా?" అంటాను.

"ఏటుందే," అంటాడు, దగ్గు ఆపుకుంటూ. "గేటు తీత్తన్నాను."