ప్రమోటర్ లేని మాట

కాకినాడ ఆసుపత్రిలో అమ్మకు ఆపరేషన్ జరుగుతోంది. నేనేమో అమలాపురం కాలేజీలో, బల్ల మీది ఫోన్ వంకే చూస్తూ బ్యాక్టీరియా పాఠం చెబుతున్నాను.

"జన్యువుకు ముందు ప్రమోటర్ అనే చిన్న డీఎన్ఏ వరుస ఉంటుంది. సిగ్మా అనే ప్రొటీన్ దాన్ని గుర్తుపట్టి, నకలు తీసే ఎంజైమును అక్కడ నిలబెడుతుంది. ఆ వరుస నకల్లోకి రాదు. కానీ అది లేకపోతే ఎంజైము చదవడమే మొదలుపెట్టదు."

"అసలు సంగతికి ముందు 'భోంచేసేరా అండీ' అన్నట్టా మేడమ్?" అంది ముందు బెంచీ అమ్మాయి.

"ఆయ్, అంతే."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మావైపు కొంపలంటుకున్నా ముందు కుశలమే అడుగుతారు. అమ్మ దగ్గరున్న బాబాయిగారైతే మరీను. భోజనం, వాన, కొబ్బరి ధర అయ్యాకే విషయం. ఆ మర్యాదకు నాకు ఒళ్లు మండేది.

ఫోన్ మోగింది. బాబాయిగారే. వరండాలోకి పరుగెత్తాను.

"అమ్మా, డాక్టరుగారు బయటికొచ్చేరు..." అని నేరుగా మొదలుపెట్టారు. ఆయన చెబుతూనే ఉన్నారు, నాకు ఒక్క ముక్కా తలకెక్కడం లేదు.

"బాబాయిగారూ," అన్నాను, "ముందు నన్ను భోంచేసేవా అని అడగండి."