అరక్షణం వెనక వచ్చే గొంతు

సినిమాకి గొంతుతో పనిలేదని కలీనా వాదన. మా ఫిల్మ్ స్కూల్ క్యాంటీన్‌లో నిమ్మచెక్క వేసిన టీ గ్లాసు ముందు పెట్టుకుని, ఎదురుగా ఎవరు కూర్చుంటే వాళ్ళకి చెప్పేది. మొహం చెప్పలేనిది మాట మాత్రం ఏం చెబుతుంది అనేది. నేను అదే స్కూల్లో సౌండ్ గది చూసుకునేవాణ్ణి, పేరు గెనెక్. గొంతులు రికార్డు చేసి బతికేవాడి ముందు ఆ మాట అనడం ఎంత పొగరో చూడండి. అయినా ఆ పిల్లంటే నాకు ఇష్టమే. డైరెక్షన్ ఆఖరి సంవత్సరం, పొట్టిగా కత్తిరించుకున్న జుట్టు, ముక్కు మీద కోపం.

ఆ పంతం ఎక్కణ్ణుంచి వచ్చిందో మా వూచ్ ఊళ్ళో అందరికీ తెలుసు. వాళ్ళ నాన్న లూద్విక్ నా పాత స్నేహితుడు, టీవీలో లెక్టర్. బయటి దేశపు సినిమా వేస్తే నటుల గొంతులు వెనక సన్నగా వినిపిస్తుంటాయి, వాటి మీద ఒకే మనిషి అందరి మాటలూ పోలిష్‌లో చదువుకుంటూ పోతాడు. హీరో మాటలూ ఆయనవే, హీరోయిన్ మాటలూ ఆయనవే, తప్పిపోయిన పసిపిల్ల మాటలూ ఆయనవే. ఎక్కడా గొంతు పెరగదు, వణకదు. దేశమంతటికీ లూద్విక్ గొంతు తెలుసు, మొహం ఎవరికీ తెలియదు. రొట్టెల కొట్లో ఆయన నోరు తెరిస్తే క్యూలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగేవాళ్ళు.

ఇంట్లోనూ అదే గొంతు. సూప్ పొంగిపోయిందన్నా, బామ్మ పోయిందన్నా ఒకేలా చెప్పేవాడట. మా నాన్న ప్రేమలేఖ చదివినా రైళ్ళ రాకపోకలు చెప్పినట్టే ఉంటుందని కలీనా వెక్కిరించేది. చిన్నప్పుడు ఆయన చదివిన సినిమా వస్తే టీవీ సౌండ్ పూర్తిగా తగ్గించేసి చూసేది. ఎవరు ఎవర్ని మోసం చేస్తున్నారో, ఎవరు చచ్చిపోబోతున్నారో మొహాలు చూసే పట్టేసేది. "నా సినిమా పిచ్చి అక్కడే పుట్టింది గెనెక్ గారూ, మా నాన్న నోరు నొక్కేసిన చోట" అని నవ్వేది.

ఆ సంగతి నేను లూద్విక్ చెవిన వేస్తే ఆయనకి కోపం రాలేదు. మంచి పని చేసింది, మేం ఉన్నట్టు తెలియకుండా ఉండాలనే కదా చదివేది అన్నాడు. నటుడు నోరు తెరిచాక అరక్షణం ఆగి మొదలుపెట్టాలట. ముందు అతని ఏడుపు వినపడాలి, ఆ తర్వాతే తన మాట. తొందరపడితే ఎదుటి మనిషి నోట్లో మాట లాక్కున్నట్టే అన్నాడు.

ఆయన భార్య ఇర్మినా బళ్ళో పిల్లలకి పాటలు నేర్పేది. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట ముద్దయిపోయింది. ఆవిడ ఏమంటోందో లూద్విక్‌కి ఒక్కడికే అర్థమయ్యేది. చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి పక్కన కూర్చుని ఆవిడ మాటలు చదివేవాడు, అరక్షణం ఆగి, అదే గొంతుతో, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట దాచకుండా. "ఈ గెనెక్ వస్తే ఇంట్లో కేకు మిగలదు" అని ఓసారి నా మొహం మీదే చదివేశాడు. ఇర్మినా ఒకవైపు పెదవితో నవ్వింది.

కలీనా తన చివరి పరీక్ష సినిమాగా అమ్మనే తీసింది. చలికాలమంతా వంటింట్లో కెమెరా పెట్టింది. పెట్టినప్పుడల్లా నాన్నని బజారుకి పంపేసేది. నువ్వుంటే అందరూ నిన్నే వింటారు, అమ్మ మొహం ఎవరూ చూడరు అనేది. అమ్మ మాటలు తనకి సగం కూడా అర్థమయ్యేవి కావు. అర్థం కాకపోవడంలోనే సినిమా ఉందని నమ్మింది. ఈస్టర్‌కి ముందు ఇర్మినా పోయింది.

సినిమాలో ఆఖరి షాట్ ఒకటుంది. కిటికీ వెలుతురులో ఇర్మినా మొహం, బాగా దగ్గరగా. కళ్ళనిండా నీళ్ళు. కెమెరా వైపు చూసి ఏదో అంటుంది, మళ్ళీ అంటుంది, పెదవి వణుకుతుంది. మా ప్రొఫెసర్లు చూసి, ఇదీ అసలైన సినిమా అన్నారు, తల్లి కూతురికి చెప్పే వీడ్కోలు అన్నారు. వాళ్ళకి అన్నిటికీ ఒక పేరు కావాలి. కలీనా కూడా అదే అనుకుంది. కానీ ఎడిటింగ్‌లో చూసిందే చూసి చూసి ఆ పిల్లకి తిండి సహించకుండా పోయింది. ఒకరోజు నా గదికి వచ్చి కూలబడింది.

"అమ్మ నాతో ఏమందో నాకు తెలీదు గెనెక్ గారూ. మొహం చాల్లేదు."

ఆ పొగరంతా ఏమైపోయిందో. 

చెప్పగలిగినవాడు లూద్విక్ ఒక్కడే. ఆయనకి అప్పటికే గొంతులో కేన్సర్ అని తేలింది. ఆపరేషన్ దగ్గరపడింది, ఆ తర్వాత మాట ఉండదని డాక్టర్లు ముందే చెప్పేశారు. అందుకే కలీనా అమ్మ మాటలు చదివించడానికి ఆయన్ని వెంటనే నా దగ్గరికి తీసుకొచ్చింది. లూద్విక్ రికార్డింగ్ గది అద్దం అవతల కూర్చుని, ముందు మొత్తం ఒకసారి చూస్తానన్నాడు. చూశాడు. మొహంలో ఏమీ తెలియలేదు. మంచినీళ్ళు తాగి, కానివ్వండి అన్నాడు.

"కిటికీ వెయ్యవే, చలేస్తోంది" అని చదివాడు. "ఆ పిచ్చుక మళ్ళీ వచ్చింది చూడు" అని చదివాడు. "నీ జుట్టు ఎవరు కత్తిరించారే, గొర్రె బొచ్చు తీసినట్టుంది" అని చదివాడు. కలీనా నా పక్కన కూర్చుని నవ్వుతూ ఏడుస్తోంది. చలికాలమంతా అమ్మ తనని ఆటపట్టిస్తూనే ఉంది, తనకి తెలియనే లేదు.

ఆఖరి షాట్ వచ్చింది.

"నా బంగారు తల్లీ, నీ సినిమా గొప్పగా వస్తుంది."

ఇర్మినా పెదవి ఇంకా కదల్లేదు. అన్నేళ్ళలో లూద్విక్ మాట ముందు రావడం నేను ఎన్నడూ వినలేదు. కలీనా ఆయన కూతురే కదా, పట్టేసింది. మైకు మీట నొక్కింది.

"అమ్మ అలా అనలేదు కదూ, నాన్నా?"

అద్దం అవతల ఆయన తల దించుకున్నాడు. "అదే ఉంచెయ్ తల్లీ. బాగుంటుంది."

"నువ్వెప్పుడూ ఒక్క మాట మార్చలేదు నాన్నా. అమ్మ ఏమందో చెప్పు."

నేను ఆ షాట్ మళ్ళీ వేశాను. ఈసారి ఆయన అరక్షణం ఆగాడు.

"నొప్పిగా ఉంది. ఇంక ఆపవే. నాన్నని పిలవ్వే."

తెర మీద ఇర్మినా మళ్ళీ పెదవి కదిపింది. ఆయన మళ్ళీ చదివాడు. "నాన్నని పిలవ్వే."

కలీనా కుర్చీలో ముడుచుకుపోయి వెక్కి వెక్కి ఏడ్చింది. లూద్విక్ ఇవతలికి వచ్చి తల మీద చెయ్యి వేశాడు. "నీకు అర్థం కాలేదు తల్లీ, అంతే" అన్నాడు, అదే గొంతుతో. ఆ గొంతులో ఏమీ ఉండదని ఇన్నేళ్ళూ ఎలా అనుకున్నామో నాకు తెలియదు.

పరీక్ష రోజు ఆ సినిమా స్కూల్లో వేశారు. చివర్లో ఇర్మినా మొహం వచ్చింది. "ఇంక ఆపవే" అని లూద్విక్ చదివాడు, తెర నల్లబడిపోయింది. అంత గొప్ప షాట్‌ని మొదట్లోనే నరికేశావేమిటని ప్రొఫెసర్లు లేచారు. అమ్మ ఆపమంది, ఆపాను అంది కలీనా. 

మొన్న నవంబరులో, సమాధుల దగ్గర దీపాలు పెట్టి వస్తూ రొట్టెల కొట్లో వాళ్ళిద్దర్నీ చూశాను. లూద్విక్ మెడ చుట్టూ మఫ్లరు. బాగా చిక్కిపోయాడు. కొట్టావిడ ఏం కావాలని అడిగితే పెదవులు కదిపాడు, శబ్దం లేదు. కలీనా కళ్ళు ఆయన నోటి మీదే ఉన్నాయి. అరక్షణం ఆగి, ఎత్తూ పల్లం లేని గొంతుతో చెప్పింది.

"గసగసాల కేకు ఒకటి ఇవ్వండి. మా అమ్మాయికి ఇష్టం. వాళ్ళమ్మ పోయినప్పటి నుంచి సరిగ్గా తినట్లేదు."

ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట దాచలేదు. క్యూలో ఎవరూ వెనక్కి తిరగలేదు.