దారి చూపే మిషను కొన్న వారం

తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ దుకాణం అతను మొదట చూపించిన జీపీఎస్ మిషను కారు అద్దానికి అతికించుకునేది. "తెలుగులోనే చెబుతాది మేడం, ఎడమకు తిరగండి, కుడికి తిరగండి అని. తెర సూడండి, ఎంత పెద్దగా ఉండాదో," అన్నాడు. నాకు కారు లేదని అప్పటికి మూడుసార్లు చెప్పాను. నేను పశువుల డాక్టర్ని. స్కూటర్ మీద తిరుగుతాను. బంగారుపాళ్యం దగ్గర హైవే దిగి మామిడితోటల్లోకి పోతే ఫోన్ సిగ్నల్ ఉండదు. ఒక్కోచోట బండి వదిలి నడవాలి. తారు రోడ్డుకూ కాలిబాటకూ రెండింటికీ పనికొచ్చేది కావాలన్నాను. అతను నవ్వాడు. "రోడ్డు లేని చోట మనుషులేం ఉంటారు మేడం? అట్లాంటివి కొండలెక్కే వాళ్ళకు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఉంటారు. ఆవులతో సహా ఉంటారు. నీకు తెలియకపోతే లేనట్టేనా?" అని దుకాణమంతా వినపడేలా అరిచాను. పాపం, అతను చేసిన పాపమేమీ లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించాను. ఆ కోపం నాలుగు రోజుల కిందటిది.

ఆ రోజు ఉదయం ఒకావిడ ఫోన్ చేసింది. ఆవు ఈనలేక అవస్థ పడుతోందట, దూడ కాలు ఒక్కటే బయటికి కనిపిస్తోందట. "ఉండేది ఒకే ఆవమ్మా, దాని పాల మీదే మా బతుకు. బిన్నా రా, ఆలస్యం చేయొద్దు," అంది. ఊరి పేరు చెప్పింది, వంక అవతల, అంటే వాగు దాటాక, ఇల్లు అంది. ఫోన్ మ్యాపును నమ్ముకుని బయల్దేరాను. అది నన్ను ఊరు దాటించి, తాళం వేసిన ఒక మామిడితోట గేటు ముందు నిలబెట్టింది. సిగ్నల్ కూడా అక్కడే పోయింది.

వెనక్కి తిరిగి ఊళ్ళో టీకొట్టు దగ్గర అడిగాను. "వంక అవతలా? ఆడ ఎవురుండారు మేడం, అంతా తోటలే. ఎవురో తప్పు చెప్పింటారు," అన్నాడు టీకొట్టాయన. బెంచీ మీది పెద్దాయన అందుకున్నాడు. "ఎట్లాగూ వచ్చినారు గదా, మా దూడకు పారుకుంటా ఉండాది, ఒక సూది ఏసి పోండి." నేను నమ్మాను. వాళ్ళింటికి పోయి దూడకు విరేచనాలు తగ్గే సూది వేసి, వాళ్ళిచ్చిన కాఫీ కూడా తాగాను. ఆ కాఫీ గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

బయటికి వచ్చేసరికి నా స్కూటర్ పక్కన ఒకాయన చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. ఫోన్ చేసినావిడ భర్త. "మీ కోసమే ఎతుకుతా ఉండా డాక్టరమ్మా," అంటూ నన్ను టీకొట్టు వెనక్కి తీసుకుపోయాడు. కాలిబాట సరిగ్గా అక్కడే మొదలవుతోంది! పది నిమిషాలు నడిచి వంక దాటితే ఇరవై ఇళ్ళు, ఒక చిన్న చర్చి. ఊరికి అవతల పెట్టిన దళితుల కాలనీ అది. టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ మేము పోవడం చూశాడు. మొహం దాచుకోవాలని కూడా అనుకోలేదు.

దూడ తల వెనక్కి మడతపడిపోయి ఉంది. సరిచేసి లాగేసరికి ప్రాణం లేదు, ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. ఆడదూడ. ఆవును మాత్రం దక్కించగలిగాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

తిరిగి వస్తూ టీకొట్టు ముందు ఆగి, "నీ కొట్టు వెనకే కదయ్యా దారి!" అని నిలదీశాను. "మీరు కాలనీ అని అడగలేదు గదా మేడం. అడిగింటే చెప్పేవాణ్ణి," అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది. ఏమీ చేయలేదు. ఇంటికి వచ్చి ఫోన్ మ్యాపును తిట్టుకున్నాను. ఎప్పుడైనా మళ్ళీ ఆ ఊరికే పోవాల్సినదాన్ని, మ్యాపును తిట్టడమే సులువు.

అందుకే తిరుపతి పోయాను. నా అరుపులకు బెదిరిన దుకాణం అతను చివరికి లోపలి నుంచి చేతిలో పట్టేది ఒకటి తెచ్చాడు. తెర చిన్నది, మాట్లాడదు, బ్యాటరీ సెల్లులు వేసుకోవాలి. కానీ స్కూటర్ హ్యాండిల్‌కు బిగించుకోవచ్చు, తీసి పట్టుకుని నడవచ్చు, ఫోన్ సిగ్నల్‌తో పని లేదు. అందులో హైవే ఉంది, ఊరు ఉంది, వంక అవతల ఖాళీ. అయితే మనం నిలబడిన చోటును గుర్తు పెట్టుకుంటుంది, నడిచిన దారిని గీసి పెడుతుంది. అది చాలనుకుని కొన్నాను.

మరుసటి రోజు ఆవుకు మందు వేయడానికి పోయినప్పుడు, కొట్టం ముందు నిలబడి బటన్ నొక్కాను. ఈ చోటుకు పేరు పెట్టమని అడిగింది. ఒక్కో అక్షరం కొడుతుంటే ఆవిడ వచ్చి, "ఏం రాస్తా ఉండావమ్మా?" అంది.

"మీ కాలనీ పేరు. ఇంక దారి తప్పను. నేను సెలవులో ఉన్నా, నా బదులు వచ్చే డాక్టరు చేతికి ఇది ఇచ్చి పంపిస్తాను," అని గొప్పగా చెప్పాను.

ఆవిడ ఆవు వీపు నిమిరింది.

"కాలనీ అని రాయొద్దమ్మా. సూస్తే ఆ డాక్టరు రాడు. ఈడ ఆవు ఉండాదని రాయి. ఆవు కోసమైతే ఎవురైనా వస్తారు."