మిరప కుండీల పులుపు

ఆదివారం పొద్దున్నే మారేడ్‌పల్లి డాబా మీద పర్వతాలు మిరప కుండీల మట్టిని పరీక్షిస్తాడు. సన్న మిరప, బజ్జీ మిరప, క్యాప్సికం... దేని మట్టి దానికే నీళ్లలో కలిపి, రంగు కాగితం ముంచుతాడు. కాగితం పసుపైతే మట్టిలో పులుపున్నట్టు, ఆకుపచ్చైతే లేనట్టు. నెల రోజులుగా మూడూ పసుపే. పులుపు తగ్గాలని వారంవారం సున్నం వేస్తూనే ఉన్నాడు, ఆకులు పాలిపోతూనే ఉన్నాయి.

"గిది ఆకుపచ్చనే గదా! పసుపంటవేందీ?" అంది భార్య దేవమ్మ.

పర్వతాలు ముప్ఫై ఏళ్లు రైలింజను నడిపి, ఒక్క సిగ్నలూ తప్పు చూడని మనిషి. కాగితాన్ని ఎండకు పట్టాడు. అతని కంటికి పసుపే.

"రేపు కండ్ల దవాఖానకు పోదం," అంది దేవమ్మ.

"పోదంలే. ముందు రంగులు చెప్పు, రాస్త."

ఇంజనులో డ్రైవరూ, అసిస్టెంటూ ఇద్దరూ సిగ్నల్ రంగును పైకి చెప్పాలని రూలు. ఇక్కడ దేవమ్మ ఒక్కతే చెప్పింది. అతను ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాడు.