ముక్కు మాస్టారి బేసిల్ పాస్తా

స్టేషన్ ఎదుటి హోటల్లో వంటాయన్ని అందరూ ముక్కు మాస్టారనే పిలిచేవారు. ముక్కు పొడుగని కాదు. గుమ్మంలో అడుగు పెడుతూనే, లోపల వెల్లుల్లి మాడబోతోందని కేకేసేవాడు. కూరగాయలు వేసి అతను చేసే బేసిల్ పాస్తా కోసం, రైలు పోతే పోయిందని కూర్చున్నవాళ్లూ ఉన్నారు.

వానల్లో అతనికి జ్వరమొచ్చింది. తగ్గుతూ తగ్గుతూ వాసనను వెంటబెట్టుకుపోయింది. జలుబేమో అనుకున్నాడు. ఒకరోజు ఇంట్లో, వెనక పొయ్యి మీద పాలు అడుగంటి మాడుతుంటే, పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. భార్య కుట్టుమిషన్ వదిలి పరుగెత్తుకొచ్చింది.

"ఏమండీ, ఇల్లు తగలబడినా పట్టదా మీకు?"

అతని మొహం చూసి, ఆ సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

"వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. మందంటూ లేదు," అంది డాక్టరమ్మ. కాలు విరిగితే కట్టు కట్టుకుని కుంటొచ్చు. దీనికేం కట్టాలో అతనికి తోచలేదు.

హోటల్లో చెప్పలేదు. చేతులే చేసుకుపోతాయనుకున్నాడు. చేసుకుపోయాయి కూడా. తులసిలాంటి బేసిల్ ఆకు, వెల్లుల్లి, జీడిపప్పు రోట్లో నూరడం, నూనె సన్నటి ధారగా పోయడం, చీజ్ తురిమి కలపడం, క్యారెట్టూ బీన్సూ పచ్చిదనం పోయీ పోకుండా వేయించడం, పాస్తా కాస్త పలుకుండగానే వార్చడం. సాస్ పచ్చగా నిగనిగలాడేది. నూరుతుంటే మొహాన కొట్టే ఘాటు మాత్రం లేదు. పచ్చ కాగితం నూరుతున్నట్టుండేది.

ఒక మధ్యాహ్నం ప్లేట్లు వరసగా వెనక్కొచ్చాయి. యజమానురాలు చెంచాడు నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది.

"మాస్టారూ, జీడిపప్పు ముక్కిపోయింది. చూసుకోలేదా?"

అతను డబ్బా మూత తీసి గట్టిగా పీల్చాడు. వంటగదంతా అతన్నే చూస్తోంది. మళ్లీ పీల్చాడు.

"తెలీట్లేదమ్మా," అన్నాడు. "జ్వరమొచ్చిన దగ్గర్నుంచీ ఏదీ తెలీట్లేదు."

ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేది. స్టూలు జరిపి, "కూర్చోండి," అంది.

మర్నాటి నుంచి రోలు రెండో వంటాయన చేతికెళ్లింది. మాస్టారికి కూరగాయలు తరిగే పని మిగిలింది. రెండో వంటాయన రోజూ చెంచా పట్టుకొచ్చి, "ఉప్పు సరిపోయిందా మాస్టారూ?" అని అడిగేవాడు. ఉప్పు మాత్రం నాలుకకు తెలిసేది. "సరిపోయింది," అనేవాడు. అంతకు మించి అడగకూడదని ఆ మనిషికీ తెలుసు.

ఒక సెలవునాడు భార్యే బేసిల్ కట్ట కొనుక్కొచ్చింది.

"మీరు చెయ్యండి. ఎలా ఉందో నేను చెప్తాను."

చేశాడు. ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె కళ్లు మూసుకుని నమిలింది.

"ఘాటుగా ఉంది. తియ్యగా కూడా... తడి ఆకు నలిపినట్టు..."

"ఇంకా?"

"బాగుందండీ. ఇంకెలా చెప్పాలో నాకు రావట్లేదు."

అతనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మెత్తగా తగిలింది, జిడ్డుగా తగిలింది, ఉప్పు తెలిసింది. ఆమె అతని మొహంలోకే చూస్తోంది. అతను తల అడ్డంగా ఊపాడు.

ఆమె చెంచా కింద పెట్టేసింది.

"తిను, చల్లారిపోతుంది," అన్నాడు.