నీలం చేతులు, ఎర్ర నీళ్ళు

ఆయన చేతులు చూస్తే ఆ వారం బజారుకి ఏ రంగు బట్ట రాబోతోందో చెప్పొచ్చు. రంగుల కార్ఖానాలో మరిగే తొట్టి ముందు నిలబడి నూలు కట్టల్ని కర్రతో ముంచి, తిప్పి, ఎత్తడం ఆయన పని. పెళ్ళి కాకముందు మొదలుపెట్టాడు. ఇప్పుడు తల నెరిసింది, చేతులు మాత్రం ఏ వారానికావారం పడుచువే.

డబ్బాలోంచి పొడి తీసి కలుపుతుంటే అది మంచులా లేచి ముక్కులో, మెడ మడతల్లో వాలేది. గ్లౌజులు మేకుకి వేలాడుతూ ఉండేవి. వేసుకుంటే నూలు మాట వినదనేవాడు.

అక్కడి పనివాళ్ళకో అలవాటుంది. ఒంటికి వెళ్ళొచ్చినవాణ్ణి "ఏ రంగు?" అని అడుగుతారు. తొట్టిలో ఏ రంగుంటే ఒంటేలూ అదే రంగులో వస్తుందని వాళ్ళ నమ్మకం, వేళాకోళం కూడా. పక్క తొట్టి దగ్గరుండే బావమరిది అందరికంటే ముందు అందుకునేవాడు.

"ఏం బావా, ఇవాళ ఏం పండింది?"

"ఎరుపు" అన్నాడాయన ఓ పొద్దున.

"అబ్బో, మా బావ మంచి కళమీదున్నాడు."

ఇంటికొచ్చి ఆ ముచ్చటే నవ్వుతూ భార్యకి చెప్పాడు. పెరట్లో ఆయన చొక్కా ఉతుకుతున్న ఆవిడ చేతులు ఆగాయి.

"వారమంతా మీ చొక్కాలోంచి నీలమే కారుతోంది. ఎరుపెక్కడిదండీ?"

ఆయన చేతులు చూసుకున్నాడు. మోచేతుల దాకా నీలమే.

"పాత రంగేమోలే. నొప్పీ గిప్పీ ఏం లేదు."

"వచ్చేదాకా కూర్చుందామా అయితే?"

మర్నాడు నీళ్ళు మామూలుగానే వచ్చాయి. "చూశావా" అన్నాడు. ఆవిడ అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు పని గురించి అడిగింది. తరవాత సన్నటి గొట్టంతో లోపల చూసింది, అక్కడ కనిపించిన గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకి పంపింది. ఫలితం వచ్చాక, మూత్రాశయంలో క్యాన్సర్, ఇంకా లోతుకి దిగలేదు, తీసేయొచ్చంది.

"కొన్ని రంగుల్లోని రసాయనాలు చర్మంలోంచీ ఊపిరిలోంచీ లోపలికెళ్తాయి. బయటికి పోయేముందు ఆ తిత్తిలోనే ఆగుతాయి. ఏళ్ళ తరబడి అలా జరిగితే ఇది రావచ్చు. మీకు దానివల్లేనని ఖాయంగా చెప్పలేను. సిగరెట్టు కాలుస్తారా?"

"నిన్నటిదాకా."

"ఎరుపు ఒక్కసారి కనిపించి ఆగిపోయినా చూపించుకోవాలి. తొందరగా వచ్చారు."

"నేను కాదమ్మా" అన్నాడు, భార్య వైపు చూసి.

ఇన్నాళ్ళూ నూలుని ముంచుతున్నాననుకున్నాడు. తనూ మునుగుతూనే ఉన్నాడు, మెల్లగా, ఏ కర్రా పైకెత్తకుండా.

గడ్డ తీశారు. మళ్ళీ మళ్ళీ వచ్చి చూపించుకోమన్నారు. కాస్త తేరుకోగానే కార్ఖానాకి వెళ్ళాడు. బావమరిది తల తిప్పకుండానే, అలవాటు కొద్దీ, "ఏ రంగు బావా?" అన్నాడు.

"నీ సంగతి చెప్పు. ఎప్పుడైనా ఎరుపొచ్చిందా?"

బావమరిది నవ్వబోయి ఆగాడు. తొట్టిలోని ఆవిరి ఇద్దరి మధ్యనుంచి లేచి పోతోంది.

"మొన్న వానల్లో ఓసారి. ఆ రోజు ఏ రంగు వేస్తున్నామో గుర్తులేదు."

"గుర్తు చేసుకోకు" అంటూ ఆయన అతని చేతిలోని కర్ర తీసి గోడకి ఆనించాడు. "పద."