గుంతలో దింపిన కోడలు

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి తన తెలివి మీద ఉండే నమ్మకాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. కర్నూలు నుంచి వచ్చి, మైదుకూరు దగ్గర ఒక చేనేత ఊళ్లో టీచరుగా చేరిన ఆ కొత్తలో, ఫోనులో డిటెక్టివ్ నవలలు చదివే పిచ్చి పట్టుకుంది నాకు. రక్తం చుక్క కనబడని హత్యలు, కేకులు చేసుకుంటూనే హంతకుణ్ణి పట్టేసే పెద్దమ్మలు, వాళ్ల ఒళ్లో ఒక పిల్లి, ఏమీ తెలియని ఇన్‌స్పెక్టరు. (వారానికో శవం లేచే ఊళ్లో ఒక్కరైనా ఇల్లు ఖాళీ చేసి పోరు, అదేం చోద్యమో!) ఆ రాసినవాళ్లు దొరికితే నాలుగు కడిగేయాలని ఉంది.

నేను అద్దెకున్నది నేతపని చేసే ఒక అవ్వ ఇంట్లో. అవ్వ, కొడుకు, కొత్త కోడలు. కోడలి కళ్లు ఎప్పుడు చూసినా ఏడ్చి ఉబ్బి ఉండేవి. ఒక సాయంత్రం గోడ అవతల అవ్వ గొంతు వినిపించింది.

"గుంత సదును చేసినావా రా?"

"చేసినాలేమ్మా."

"అయితే రేపు పొద్దున్నే పిల్లని అందులో దింపేద్దాం. ఇంగ దాని ఏడుపు నేను ఇనలేను."

పోలీసులకు చెప్పొచ్చు కదా? చెప్పను. నవలల్లో పోలీసులు నమ్మరుగా! తెల్లారగానే చపాతీ కర్ర పట్టుకుని, "ఆగండి!" అని అరుస్తూ తలుపు తోసుకుని దూరాను. కాలికి ఏదో చుట్టుకుని పటపటా తెగింది. చూస్తే ఎదురుగా మగ్గం, నా కాళ్ల కింద దాని మీద నిలువుగా బిగించిన పడుగు దారాలు. నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంతలో పసుపు రాసుకున్న పాదాలతో కోడలు కూర్చుని ఉంది. కండెలకు నూలు చుడుతూ కూర్చునే పని ఒక్కటే వద్దు, నేనూ నేస్తానని పెళ్లయినప్పటి నుంచి ఆ పిల్ల ఏడుస్తోందట. (చీర దుకాణంలోనే పుడుతుందనుకునేదాన్ని, నాకేం తెలుసు?)

"కండ్లు పోయినాయా టీచరమ్మా! పూజ చేసిన పడుగును తొక్కి తెంపినావే!" అని అవ్వ నన్ను దులిపేసి, కోడలి వైపు తిరిగింది. "లెయ్ పిల్లా. తొలిరోజే పోగులు తెగినంక నీకు మగ్గం అచ్చిరాదు."

అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. తెంపింది నేనైతే శిక్ష ఆ పిల్లకా? నోరు తెరిచేలోపే కోడలు అంది: "నేను లెయ్యనత్తా. పోగు తెగితే ముడేస్తారు గానీ మగ్గాన్నే ఇడిసిపెడతారా?" అంటూ ఒక్కొక్క పోగూ ముడేయడం మొదలుపెట్టింది. అవ్వ గొణుగుతూనే వంగి, తెగిన కొసలు వెతికి అందించింది.

గోడ అవతల నేను విన్నదీ, భయపడ్డదీ చెప్పాక, ఆ పిల్ల తలెత్తకుండానే అడిగింది: "అక్కా, నిజంగానే నన్ను పూడుస్తాంటే ఆ కర్రతో ఏం చేసేదానివి?"

నేను కర్రను వీపు వెనక దాచుకున్నాను.

"పోనీలే, వచ్చినావు గదా. ఈడ నాకోసం వచ్చే మనిషొకరుండారని మా అమ్మకు చెప్తా."

ఆ నవలల మీద కోపం ఇంకా తగ్గలేదు. అంతకన్నా ఎక్కువ కోపం ఇప్పటి నా మీద. పక్క ఫ్లాటులో ఎవరైనా గొంతు పెంచి అరుచుకుంటే, మనకెందుకులే అని టీవీ సౌండు పెంచుకుంటున్నాను. అలాంటప్పుడు చపాతీ కర్ర పట్టుకుని దూరిన ఆ ఇరవై రెండేళ్ల పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆమె ఉంటే ఈపాటికి ఆ తలుపు తట్టి ఉండేది.